వెబ్‌సైటు సందర్శకుల గణాంకాలు – సర్వర్ లాగ్ ఫైళ్ళు

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
• లాగ్ ఫైలులోని ఒక నమోదును చదివి, అందులోని అంశాలను వివరించగలుగుతారు.
• హిట్, పుట వీక్షణ, సందర్శన, సందర్శకుడు అనే పదాల మధ్య భేదాన్ని గుర్తించగలుగుతారు.
• గణాంకాలు వాస్తవానికి ఎందుకు దూరమవుతాయో, వాటిని ఎలా ఉపయోగించుకోవాలో చెప్పగలుగుతారు.

1. పరిచయం

ఒక డిగ్రీ కళాశాల వెబ్‌సైటు నిర్వహణను మీకు అప్పగించారనుకొందాం. నెలాఖరున ప్రిన్సిపాల్ గారు "మన సైటును ఎంతమంది చూశారు?" అని అడిగారు. గణాంకాల పుట తెరిస్తే "హిట్లు 10,000" అని ఉంది. పదివేలమంది చూశారని చెప్పవచ్చా? అలా చెబితే, ఆ అంకెను నమ్మి కళాశాల అవసరానికి మించిన సర్వర్‌ను అద్దెకు తీసుకోవచ్చు. "అందరూ సైటు చూస్తున్నారు కదా" అని ఫీజు గడువు ప్రకటనను నోటీసు బోర్డులో పెట్టడం మానేయవచ్చు. అప్పుడు గడువు తెలియక నష్టపోయేది విద్యార్థులే. కాబట్టి ఈ అంకె దేన్ని లెక్కిస్తోందో ముందుగా తెలుసుకోవాలి.

2. లాగ్ ఫైలు అంటే ఏమిటి?

ఒక గ్రంథాలయాన్ని ఊహించుకోండి. పుస్తకం కావలసినవారు చీటీ రాసి కిటికీలోంచి అందిస్తారు. లోపల ఉన్న అటెండరు ప్రతి చీటీనీ రిజిస్టరులో ఎక్కిస్తాడు. చీటీ ఇచ్చిన మనిషి ముఖం అతనికి కనిపించదు. వెబ్ సర్వర్ చేసే పని ఇదే. బ్రౌజర్ పంపే ప్రతి అభ్యర్థననూ అది ఒక వరుసగా రాసి ఉంచుతుంది. ఆ రిజిస్టరే లాగ్ ఫైలు.

అసలు ఫైలులో రోమన్ లిపిలో ఉండే ఒక వరుసను ఇక్కడ తెలుగు లిపిలో చూడండి:

192.0.2.15 - - [10/జులై/2023:10:15:32 +0530] "గెట్ /ఫలితాలు.హెచ్‌టిఎమ్‌ఎల్ హెచ్‌టిటిపి/1.1" 200 5120

ఇందులోని అంశాలు వరుసగా ఇవి:
• 192.0.2.15 – అభ్యర్థన వచ్చిన ఐపి చిరునామా.
• రెండు గీతలు – వాడుకరి గుర్తింపు, లాగిన్ పేరు ఉండవలసిన చోట్లు. సమాచారం లేకపోతే గీత పడుతుంది.
• తేదీ, సమయం – చివర ఉన్న +0530 భారత కాలమానాన్ని సూచిస్తుంది.
• కొటేషన్ గుర్తుల మధ్య ఉన్నది – కోరిన ఫైలు, కోరిన పద్ధతి.
• 200 – స్థితి సంకేతం. కోరినది దొరికిందని అర్థం.
• 5120 – పంపిన సమాచార పరిమాణం, బైట్లలో.

దీనిని సామాన్య లాగ్ అమరిక అంటారు. దీనికి మరో రెండు అంశాలు చేర్చి సంయుక్త అమరిక అంటారు. మొదటిది, ఏ పుటలోని లింకు ద్వారా వచ్చారో తెలిపే రెఫరర్. రెండవది, బ్రౌజర్ పేరు తెలిపే యూజర్ ఏజెంట్. అపాచీ, ఎన్‌జిన్‌ఎక్స్ వంటి సర్వర్లలో ఈ అమరికలే విస్తృతంగా కనిపిస్తాయి.

స్థితి సంకేతాలలో మరికొన్నింటిని గుర్తుంచుకోండి. 301 అంటే ఫైలు శాశ్వతంగా వేరేచోటికి మారింది. 304 అంటే మీ దగ్గరున్న ప్రతి మారలేదు, దాన్నే వాడుకోండి. 404 అంటే కోరిన ఫైలు లేదు. 500 అంటే సర్వర్‌లోనే లోపం.

3. నాలుగు పదాలు, నాలుగు లెక్కలు

హిట్: సర్వర్‌కు చేరిన ఒక్కొక్క అభ్యర్థన. పుటలోని ప్రతి బొమ్మా ఒక హిట్టే.
పుట వీక్షణ: ఒక పూర్తి పుటను తెరవడం.
సందర్శన: ఒకరు వచ్చి కొన్ని పుటలు చూసి వెళ్ళడం. సాధారణంగా 30 నిమిషాలపాటు ఏ అభ్యర్థనా రాకపోతే సందర్శన ముగిసినట్లు లెక్కిస్తారు.
సందర్శకుడు: వచ్చిన వ్యక్తి. ఒకే వ్యక్తి పలుమార్లు సందర్శించవచ్చు.

ఇప్పుడు పదివేల హిట్లను విడదీద్దాం. సైటులోని ప్రతి పుటలో 1 హెచ్‌టిఎమ్‌ఎల్ ఫైలు, 19 బొమ్మలు, ఇతర ఫైళ్ళు ఉన్నాయనుకొందాం. అంటే ఒక పుటకు 20 హిట్లు. పదివేలలో 1,000 హిట్లు సెర్చ్ ఇంజిన్ల బాట్లవి అనుకొందాం. మిగిలిన 9,000ను 20తో భాగిస్తే 450 పుట వీక్షణలు. ఒక్కో సందర్శనలో సగటున 3 పుటలు చూస్తే 150 సందర్శనలు. వారిలో కొందరు రెండు మూడుసార్లు వచ్చి ఉంటారు కనుక వ్యక్తులు 150 కంటే తక్కువే కావచ్చు. పదివేలు ఎక్కడ, నూటయాభై ఎక్కడ!

4. లెక్క ఎందుకు తప్పుతుంది?

(అ) దాచుకొన్న ప్రతులు: ఒకసారి చూసిన ఫైళ్ళను బ్రౌజర్ దాచుకొంటుంది. మళ్ళీ చూసినప్పుడు సర్వర్‌ను అడగకపోవచ్చు. స్నేహితుడు తెచ్చుకొన్న పుస్తకాన్నే మీరు చదివితే అటెండరుకు తెలియదు కదా! ఇక్కడ లెక్క తగ్గుతుంది.

(ఆ) ఉమ్మడి ఐపి చిరునామా: కంప్యూటర్ ల్యాబులోని 40 మంది ఒకే చిరునామాతో కనిపించవచ్చు. మొబైల్ నెట్‌వర్కులలోనూ అనేక ఫోన్లు ఒకే చిరునామాను పంచుకొంటాయి. ఇక్కడా లెక్క తగ్గుతుంది.

(ఇ) మారే ఐపి చిరునామా: ఇంట్లో వైఫైతో, బస్సులో మొబైల్ డేటాతో చూసిన ఒకే విద్యార్థి ఇద్దరుగా కనిపిస్తాడు. ఇక్కడ లెక్క పెరుగుతుంది.

(ఈ) బాట్లు: గూగుల్‌బాట్ వంటివి తమ పేరు చెప్పుకొంటాయి. కొన్ని మామూలు బ్రౌజర్ పేరుతో వస్తాయి. వాటిని వేరు చేయడం కష్టం.

2005లో మొదలైన గూగుల్ అనలిటిక్స్ వంటి సేవలు పుటలో ఉంచిన చిన్న స్క్రిప్టు ద్వారా లెక్కిస్తాయి. స్క్రిప్టును నడపని బాట్లు ఇందులో చేరవు. అయితే స్క్రిప్టును అడ్డుకొనే మనుషులు కూడా చేరరు. నేరుగా తెరిచిన పీడీఎఫ్ ఫైలు ఆ లెక్కకు అందదు, లాగ్‌లో మాత్రం నమోదవుతుంది. కాబట్టి రెండు లెక్కలు సరిపోలకపోవడం సహజం.

5. లాగ్‌ను ఎలా ఉపయోగించుకోవాలి?

ఎంతమంది వచ్చారన్నది లాగ్ కచ్చితంగా చెప్పలేదు. ఎక్కడ నిరాశపడ్డారన్నది మాత్రం బాగా చెబుతుంది. 404 సంకేతం ఉన్న వరుసలను వేరుచేసి చూడండి. ఫీజు ప్రకటన ఫైలు పేరు మార్చి, పాత లింకును సరిచేయడం మరచిపోయారనుకొందాం. పాత పేరుతో వచ్చిన 60 అభ్యర్థనలు వరుసగా కనిపిస్తాయి. రెఫరర్ చూస్తే తప్పు లింకు ఏ పుటలో ఉందో తెలుస్తుంది. పాత చిరునామా నుంచి కొత్తదానికి 301 ద్వారా దారి మళ్ళిస్తే సమస్య తీరుతుంది. సందర్శకులు ఎవరూ ఫిర్యాదు చేయకపోయినా ఈ వరుసలే వారి ఫిర్యాదు.

అలాగే ఒక్క నెల అంకెను కాక, ఒకే పద్ధతిలో లెక్కించిన అనేక నెలల అంకెలను పోల్చండి. లెక్కలో దోషం ఉన్నా, పద్ధతి మారనంతవరకు పెరుగుదల, తరుగుదల దాదాపు సరిగానే తెలుస్తాయి.

6. గోప్యత

హాల్‌టికెట్ నంబరు వెబ్ చిరునామాలో భాగంగా వెళ్తే, అది కూడా లాగ్‌లో నమోదవుతుంది. ఐపి చిరునామాతో కలిపి చూస్తే ఎవరు ఏ ఫలితం చూశారో బయటపడవచ్చు. డైనమిక్ ఐపి చిరునామా కూడా కొన్ని పరిస్థితులలో వ్యక్తిగత సమాచారమేనని ఐరోపా న్యాయస్థానం 2016లో తీర్పు ఇచ్చింది. మన దేశంలో 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీచేసిన ఆదేశాల ప్రకారం సర్వీసు ప్రొవైడర్లు, డేటా సెంటర్లు, కార్పొరేట్, ప్రభుత్వ సంస్థలు లాగ్‌లను 180 రోజులపాటు భద్రంగా ఉంచాలి. భద్రపరచడం అంటే అందరికీ అందుబాటులో ఉంచడం కాదు. లాగ్ ఫైళ్ళను బాధ్యులు తప్ప ఇతరులు తెరవలేని చోట ఉంచండి.

7. సారాంశం

లాగ్ ఫైలు అభ్యర్థనలను నమోదు చేస్తుంది, మనుషులను కాదు. హిట్ల నుంచి సందర్శకుల వరకు వేసే ప్రతి మెట్టులోనూ ఒక ఊహ ఉంటుంది. ప్రిన్సిపాల్ గారికి మీరు ఇవ్వవలసిన సమాధానం ఇది: "సుమారు 150 సందర్శనలు. బాట్లను తీసివేసి, 30 నిమిషాల నియమంతో వేసిన లెక్క ఇది." అంకెతోపాటు లెక్కించిన పద్ధతిని కూడా చెప్పినప్పుడే ఆ గణాంకానికి విలువ ఉంటుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఒక సైటులో పుటకు 1 హెచ్‌టిఎమ్‌ఎల్ ఫైలు, 9 బొమ్మలు ఉన్నాయి. మొత్తం 6,500 హిట్లలో 500 బాట్లవి. పుట వీక్షణలు ఎన్ని?
2. ల్యాబు నుంచి 40 మంది చూసినా లాగ్‌లో ఒక్కరే కనిపించడానికి కారణం ఏమిటి?

సమాధానాలు: 1. 6,000ను 10తో భాగించగా 600. 2. వారందరూ ఒకే ఐపి చిరునామాను పంచుకోవడం.