మీకు తెలుసా? వారానికి ఒక పౌండుకి ఒక అమ్మమ్మ

హైదరాబాద్‌లో పేదపిల్లలు చదువుకునే బడులకు విద్యా పరిశోధకుడు సుగత మిత్రా వచ్చిపోతుండేవారు. 1999లో ఢిల్లీ కాల్కాజీలో గోడకు కన్నం పెట్టి, బస్తీ పిల్లలకు అందేట్టు కంప్యూటర్ బిగించింది ఈయనే. స్కైప్ ఉంటే దాంతో ఏం చేస్తారని ఆయన హైదరాబాద్ పిల్లల్ని అడిగితే, బ్రిటిష్ అమ్మమ్మలు తమకు కథలు చదివి వినిపించాలన్నారట. ఊరికే కూడా కాదు. తలా కొంత వేసుకుంటే వారానికి ఒక పౌండు ఇచ్చుకోగలమని లెక్క కట్టి మరీ చెప్పారు. సొంత అమ్మమ్మ ఇంట్లోనే ఉండగా సముద్రాల అవతలి అమ్మమ్మ ఎందుకంటారా? ఇంగ్లీషు కోసం! పిల్లలకు ఆమాత్రం లౌక్యం ఉండదా?

2009లో ఈ సంగతి గార్డియన్ పత్రికలో వచ్చింది. ఇంటర్నెట్టూ వెబ్‌క్యామూ ఉన్న అమ్మమ్మలు వారానికి ఒక్క గంట ఇవ్వమని మిత్రా కోరితే, రెండు వారాల్లోనే దాదాపు 200 మంది సరేనన్నారు. ‘గ్రానీ క్లౌడ్’ పుట్టింది అలాగే. పేరుకి అమ్మమ్మలే గానీ అందులో రిటైరైన టీచర్లున్నారు, తాతలున్నారు, అసలు మనవలే లేనివాళ్ళూ ఉన్నారు. పాఠం చెప్పడం వాళ్ళ పని కాదు. పిల్లవాడు చేస్తున్నది చూసి ‘అబ్బో, ఇదెలా చేశావురా?’ అన్నట్టు ఆశ్చర్యపోవడమే పని. ఈ కిటుకు మిత్రాకు అంతకుముందే తమిళం మాట్లాడే కాళికుప్పం గ్రామంలో దొరికింది. బయోటెక్నాలజీ పాఠాలను ఇంగ్లీషులో కంప్యూటర్‌లో పెట్టి వదిలేస్తే, పిల్లలు తమంతట తాము 30 శాతం మార్కుల దాకా వచ్చారు. ఆ తరవాత, ఆ సబ్జెక్టు ముక్క కూడా తెలియని ఒక యువతిని వాళ్ళ వెనక నిలబడి మెచ్చుకుంటూ ఉండమన్నారు. మార్కులు 50కి చేరాయి. 2013లో మిత్రాకు పది లక్షల డాలర్ల టెడ్ బహుమతి వచ్చింది. అందులో అమ్మమ్మల వాటా ఎంతో ఎవరూ లెక్క కట్టినట్టు లేదు.

తెర మీద కాక ఒకే కప్పు కింద తరాలు కలిసే చోట్లూ ఉన్నాయి. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో ‘హ్యుమానిటాస్’ అని ఒక వృద్ధాశ్రమం ఉంది. అక్కడ కాలేజీ కుర్రాళ్ళు కూడా కాపురముంటారు, పైసా అద్దె లేకుండా! బదులుగా నెలకు 30 గంటలు ‘మంచి పొరుగువాడి’గా మెలగాలి. మందులివ్వడం, స్నానాలు చేయించడం వాళ్ళ పని కాదు, అందుకు వేరే సిబ్బంది ఉన్నారు. కలిసి టీవీలో ఆట చూడడం, పుట్టినరోజు చేయడం, ఒంట్లో బాగోలేనప్పుడు పక్కన కూర్చోవడం, ఈమెయిల్ నేర్పడం చాలు. ప్రభుత్వం వృద్ధుల సంరక్షణకు ఇచ్చే నిధుల్లో కోత పెట్టిన రోజుల్లో, ఖర్చు పెరగకుండా ఆశ్రమాన్ని కళకళలాడించడమెలా అని తలపట్టుకున్న డైరెక్టర్ గియా సైప్కెస్‌కు తట్టిన ఉపాయమిది. సుమారు 160 మంది పెద్దల నడుమ కుర్రాళ్ళు ఆరుగురే. అదీ తెలివే. పాతికమందిని దింపి ఉంటే అది హాస్టలైపోయేది.

టోక్యోలోని ‘కోతోయెన్’ ఇంకా పాతది. వృద్ధాశ్రమం పక్కనే పసిపిల్లల బడి పెట్టాలన్న ఆలోచన అక్కడ 1976 నాటికే అమలైంది.

ఈ కోవలో నాకు అన్నింటికన్నా గట్టిగా తోచేది న్యూజీలాండ్ మావోరీల కథ. ఒక తరం పిల్లలు బడిలో మావోరీ మాట్లాడి దెబ్బలు తిన్నారు. ఆ దెబ్బల గుర్తుతో తమ పిల్లలకు భాష నేర్పడం మానేశారు. 1970లు వచ్చేసరికి ధారాళంగా మాట్లాడగలిగేది ఎక్కువగా పెద్దవాళ్ళే. భాష తాతల దగ్గర ఉంది, మనవల దగ్గర లేదు, మధ్యతరం చేతిలో వంతెన తెగింది. అప్పుడు వాళ్ళు చేసిన పని చాలా సూటిగా ఉంటుంది. మధ్యతరాన్ని దాటవేసి, అమ్మమ్మలనూ పసివాళ్ళనూ ఒకే కప్పు కింద కూర్చోబెట్టారు. మొదటి ‘కోహంగా రేయో’, అంటే భాషా గూడు, 1982లో వెల్లింగ్టన్ దగ్గర వైనుయోమాటాలో తెరుచుకుంది. లోపల మావోరీ తప్ప వేరే మాట వినపడకూడదు. తిండీ నిద్రా ఆటా పాటా అన్నీ ఆ భాషలోనే. 1994 నాటికి అలాంటి గూళ్ళు 800, వాటిలో పిల్లలు 14,000. ఈలోగా 1987లో మావోరీ అధికార భాష కూడా అయింది. మావోరీ గూళ్ళను చూసి హవాయి వాళ్ళు 1984లో ‘పూనన లెయో’ బడులు మొదలుపెట్టారు. హవాయి భాషలో బోధన మీద 1896 నాటి నిషేధం అక్కడ అప్పటికింకా తొలగలేదు. అది 1986లో పోయింది.

అమెరికాలో మన పిల్లలకు తెలుగు నేర్పడానికి ‘మనబడి’ 2007 నుంచి నడుస్తోంది. విజిటర్ వీసా మీద ఆర్నెల్లకు వెళ్ళి, కొడుకు ఇంట్లో పగలంతా గోడలు చూస్తూ కూర్చునే నాన్నమ్మలు ఊరికి ఎంతమందో! వాళ్ళని వారానికి రెండు పూటలు పిల్లల మధ్య కూర్చోబెడితే ఒక గూడు తయారు కాదూ? అక్షరాలు దిద్దించడానికి కాదు, కబుర్లు చెప్పడానికి.

ఇంతకీ ఇందులో పెద్దవాళ్ళకు ఒరిగేదేమిటి? అమెరికాలోని బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ఇదే చూశారు. ‘ఎక్స్‌పీరియెన్స్ కోర్’ కింద అరవై దాటినవాళ్ళు వారానికి 15 గంటలు ప్రాథమిక బడుల్లో పిల్లలతో చదివించేవారు. వీళ్ళలోనూ, బడికి వెళ్ళని వాళ్ళలోనూ కలిపి 110 మందికి పైగా మెదడు స్కాన్లు తీశారు. వయసుతో మెదడు కాస్త కుంచించుకుపోవడం మామూలు. బడికి వెళ్ళని మగవాళ్ళలో అదే జరిగింది. రెండేళ్ళు వెళ్ళిన మగవాళ్ళలో మాత్రం కుంచించుకుపోవడానికి బదులు కొద్దిగా పెరిగింది. అయితే ఆ పనికి వేళ ఉంది, బాధ్యత ఉంది, రాకపోతే ఎదురుచూసే పిల్లాడున్నాడు. మన బడుల్లో ఏడాదికొకసారి జరిగే తాతయ్యల దినంలో ఇవేవీ ఉండవు. కాళ్ళకు దండం పెట్టించి, ఫొటో తీసి, బూందీ పొట్లం చేతిలో పెట్టి పంపేస్తారు. దానివల్ల ఎవరి మెదడూ పెరగదు.

పిల్లల తోడు పెద్దలకూ మేలు చేస్తుందన్న సంగతి అమెరికా ప్రభుత్వం చాలా ముందే పసిగట్టింది. 1965లో, అధ్యక్షుడు జాన్సన్ పేదరికంపై పోరు నడిపిస్తున్నప్పుడు, ‘ఫోస్టర్ గ్రాండ్‌పేరెంట్’ పథకం వచ్చింది. ఆదాయం తక్కువున్న పెద్దలు, తోడు అవసరమైన పిల్లల దగ్గర వారానికి కొన్ని గంటలు గడుపుతారు. చేతికి కొంత డబ్బు కూడా అందుతుంది. తరవాత అధ్యక్షుడు రీగన్ భార్య నాన్సీ దీన్ని భుజానికెత్తుకున్నారు. దీనికోసం 1982లో గాయకుడు ఫ్రాంక్ సినాట్రా ఒక పాట కూడా పాడారు.

మహారాష్ట్రలోని ఠాణే జిల్లా ఫాంగణే గ్రామంలో బడి మాత్రం తిరగేసి ఉంటుంది. 2016 మార్చి 8న మొదలైన ‘ఆజీబాయీంచీ శాళ’లో విద్యార్థులు అమ్మమ్మలు, యూనిఫాం గులాబీరంగు చీర. పంతులమ్మ ఆ ఊరి కోడలు. ఆమె అత్తగారు కూడా విద్యార్థుల్లో ఉన్నారు. అత్తగారి చేత అక్షరాలు దిద్దించే భాగ్యం ఎంతమంది కోడళ్ళకు దక్కుతుంది చెప్పండి!

కేరళ ఆలప్పుళ జిల్లాకు చెందిన కార్త్యాయని అమ్మ 2018లో, 96 ఏళ్ళ వయసులో, రాష్ట్ర అక్షరాస్యతా పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకున్నారు. ఇంట్లో చదువు చెప్పింది మునిమనవరాళ్ళు. ఇక కంప్యూటర్ నేర్చుకోవాలని ఉందన్నారామె. విద్యాశాఖ మంత్రి ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికొచ్చారు.