మారెడు లెక్కలు – మారనేర్చిన సాఫ్ట్‌వేరు

ఇటీవల పాఠశాలకు వచ్చిన ఒక తండ్రిగారు నన్నొక ప్రశ్న అడిగిరి. "అయ్యవారూ, మావాడు కంప్యూటరు విద్యనే చదివెదనని పట్టుబట్టుచున్నాడు. ఆ విద్య నాలుగేండ్లకే పాతబడునట. అప్పు చేసి చదివించిన పిమ్మట వాని గతి యేమి?" ఆ ప్రశ్న ఆయన యొక్కనిది కాదు. రాజపాళయము, తళవాయిపురము ప్రాంతములలో పిల్లలను చదివించుచున్న అనేకుల మనస్సులలో నున్నదే. కావున దానికి సమాధానము ఈ పత్రికాముఖముననే వ్రాయుచున్నాను.

సాఫ్ట్‌వేరు అనగా కంప్యూటరు అనుసరింపవలసిన నియమముల వరుస. నేతపని ఎరిగిన మనకు ఇది క్రొత్త భావము కాదు. 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమున జోసెఫ్ మరీ జాకార్డు అను నతడు ఒక మగ్గపు సాధనమును కల్పించెను. రంధ్రములు చేసిన అట్టలు వరుసగా కదలుచు, ఏ పడుగు పోగు లేవవలెనో, ఏది నిలువవలెనో నిర్ణయించును. హంసల అంచు వలదు, మామిడిపిందెల అంచు కావలెనన్నచో మగ్గమును విరుగగొట్టనక్కరలేదు. అట్టలను మార్చిన చాలును. అదే శతాబ్దమున ఇంగ్లండులో ఛార్లెస్ బాబేజి తాను సంకల్పించిన గణనయంత్రమునకు ఈ అట్టల ఉపాయమునే గ్రహించెను. మారునది యేది, మారనిది యేది అని ముందుగా వేరు చేయుటయే ఈ ఉపాయములోని కీలకము.

ఇప్పుడు మన అంగడిలోని ఉదాహరణమును చూతము. తమిళనాడులో 2007 జనవరి 1 నుండి అమ్మకపు పన్నునకు బదులుగా వ్యాట్ వచ్చినది. 2017 జూలై 1 నుండి దేశమంతటను జి.ఎస్.టి. వచ్చినది. మరల 2025 సెప్టెంబరు 3న జరిగిన జి.ఎస్.టి. మండలి సమావేశమున అనేక వస్తువుల పన్ను మార్చబడి, అందు పెక్కింటికి సెప్టెంబరు 22 నుండియే అమలైనది. సిమెంటుపై పన్ను నూటికి 28 నుండి 18కి దిగినది. గాయములకు కట్టు పట్టీల పన్ను 12 నుండి 5కి దిగినది. వైద్యమునకు వాడు పట్టీగుడ్డ నేయు ఛత్రపట్టి మనకు దాపుననే యున్నది గదా! వర్తకులకు దొరకిన గడువు మూడు వారములైనను లేదు.

పన్ను గాక 300 రూపాయల వెల గల సిమెంటు బస్తాకు పూర్వము 84 రూపాయల పన్ను చేరి 384 అయ్యెడిది. మార్పు పిమ్మట 54 రూపాయలు చేరి 354 అగును. బాలురు పలకపై వేయగల లెక్క యిది. కాని బిల్లులు వ్రాయు సాఫ్ట్‌వేరులో "28" అను అంకెను బిల్లులో నొకచోట, జాబితాలో నొకచోట, వాపసు పత్రములో నొకచోట, ఇట్లు నలువది తావుల వ్రాసియుంచినచో నేమగును? ముప్పదితొమ్మిది దిద్ది ఒక్కటి మరచినను లెక్క తప్పును. అట్లుగాక వస్తువుల పన్నులన్నియు ఒకే పట్టికలో నుంచి, తక్కిన భాగములన్నియు ఆ పట్టికనే చూచుకొనునట్లు నిర్మించినచో ఒక్క పంక్తి మార్చిన చాలును. ఆ పట్టికయే మన జాకార్డు అట్ట.

పట్టికలో తేదీకి కూడ ఒక గడి యుండవలెను. సెప్టెంబరు 21న అమ్మిన సరకు అక్టోబరులో తిరిగివచ్చినచో దానికి పాత పన్నే లెక్కింపవలసియుండును. పాత అంకెను చెరిపివేసినవాడు ఇక్కడ చిక్కుపడును. కావున క్రొత్తది చేర్చుటయే కాని పాతది తుడుచుట మంచి పద్ధతి కాదు.

అంకె మారుట సులభమైన మార్పు. రూపమే మారుట కష్టమైన మార్పు. జి.ఎస్.టి. వచ్చినపుడు రాజపాళయము వర్తకుడు మదురకు అమ్మినచో పన్నును కేంద్రమునకు సగము, రాష్ట్రమునకు సగము అని రెండు పంక్తులుగా చూపవలసి వచ్చినది. హైదరాబాదునకు అమ్మినచో ఒకే పంక్తి చాలును. పూర్వపు బిల్లు రూపము దీనికి సరిపోలేదు. ఆ దినములలో నేనెరిగిన ఒక దుకాణమున కంప్యూటరును మూసి, వారము దినములు చేతితో బిల్లులు వ్రాసిరి. అచట పనిచేయు గుమాస్తాలు రాత్రి పది గంటలకు గాని ఇల్లు చేరలేదు. సాఫ్ట్‌వేరు వంగనిచో భారమంతయు మనుష్యుల వీపున పడునని అప్పుడు నాకు తెలిసివచ్చినది.

ఇట్టి చిక్కునకు ఉపాయమును డేవిడ్ పార్నస్ అను పండితుడు 1972లోనే వివరించెను. సాఫ్ట్‌వేరును గదులుగా విభజింపవలెను. ముందుముందు మారునని తోచిన ప్రతి నిర్ణయమును ఒక్కొక్క గదిలో దాచవలెను. ఒక గదిలోని రహస్యము వేరొక గదికి తెలియరాదు. పన్ను గణించు గది మారినను సరకు లెక్కించు గది కదలదు. వంటింటి పొయ్యి మార్చుటకు పడుకటింటి గోడ కూల్చము గదా!

ఈ నీతిని మరచినందుకు లోకము చెల్లించిన మూల్యము చిన్నది కాదు. జ్ఞాపకశక్తికి వెల ఎక్కువగా నున్న దినములలో సంవత్సరమును రెండంకెలతోనే వ్రాసిరి. 1965 అనుటకు 65 అని వ్రాసిరి. 2000 వచ్చునప్పటికి 00 అనగా 1900 అని యంత్రము భ్రమపడు ప్రమాదము కలిగినది. ఆ రెండంకెలు వేలాది కార్యక్రమములలో చెదరియున్నందున ఒక్కొక్క చోట వెదకి దిద్దవలసి వచ్చెను. ఆ పనికై తెలుగు యువకులు అనేకులు హైదరాబాదునందును, అమెరికాయందును శ్రమించిరి.

పేర్లును మారును. మన ప్రాంతము 1985 వరకు రామనాథపురము జిల్లాలో నుండెను. పిమ్మట కామరాజర్ జిల్లా యయ్యెను. 1997లో విరుదునగరము జిల్లా యయ్యెను. ఊరు కదలలేదు, చిరునామా మాత్రము రెండు మారులు మారినది.

ఇక నిర్మించు పద్ధతి. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రమున పదునేడుగురు నిపుణులు సమావేశమై ఒక ప్రకటన చేసిరి. ముందు వేసిన ప్రణాళికను పట్టుకొని వ్రేలాడుటకంటె మార్పునకు తగినట్లు నడచుకొనుటయే మేలని వారి భావము. ఏండ్లకొలది కట్టి ఒకేసారి చూపుటకు బదులు, కొన్ని వారములకొకసారి పనిచేయు చిన్న భాగమును వాడుకరికి చూపి, అతడు చెప్పిన లోపములను దిద్దుకొందురు. భాగహారము చేసిన పిమ్మట గుణించి సరిచూచుకొనునట్లు, ప్రతి మార్పు పిమ్మట పాత లెక్కలన్నియు సరిగా వచ్చుచున్నవో లేదో యంత్రముచేతనే పరీక్షింపజేయుదురు. తప్పు దొరలినచో వెనుకటి ప్రతికి మరలుదురు. ఈ పరీక్షలు లేనివాడు మార్పునకు భయపడును.

ఈ విద్యతో మన ఊరికి దగ్గర సంబంధమే కలదు. 1936లో రాజపాళయము మిల్లును స్థాపించిన పి.ఏ.సి. రామసామి రాజాగారి వంశమునకు చెందిన వ్యాపారములలో 1989లో ఒక సాఫ్ట్‌వేరు పరిశోధన విభాగము మొలకెత్తినది. అది 1997లో రామ్‌కో సిస్టమ్స్ అను ప్రత్యేక సంస్థ యయ్యెను. దీనిని నడిపించినవారు పి.ఆర్. వెంకట్రామ రాజాగారు. వ్యాపారపు పని జరుగు తీరును ముందుగా నమూనాగా వర్ణించి, ఆ వర్ణననుండి సాఫ్ట్‌వేరును పుట్టించు ‘వర్చువల్‌వర్క్స్’ అను సాధనమును వారు తయారుచేసిరి. పని తీరు మారినచో నమూనాను దిద్దుదురు. అట్ట మార్చు నేతగాని ఉపాయమే ఇచటను కానవచ్చుచున్నది.

మన భాషకును ఇందు లాభము కలదు. తెరపై కనబడు మాటలను నియమములలో కలిపి కుట్టివేసినచో ఆ సాఫ్ట్‌వేరు ఒక్క భాషనే పలుకును. మాటలను వేరొక పట్టికలో నుంచినచో తమిళమునకు ఒక పట్టిక, తెలుగునకు ఒక పట్టిక చేర్చవచ్చును. 1991లో వెలువడిన యూనికోడ్ ప్రమాణమున తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అల్పసంఖ్యాకుల భాషకు చోటు దొరకుటయు, దొరకకపోవుటయు నిర్మాత మొదట వేసిన పునాదిని బట్టి యుండును.

అయితే సమస్తమును మార్చదగినదిగా కట్టుటయు తెలివి కాదు. అట్టి సాఫ్ట్‌వేరు బరువెక్కి ఎవరికిని అర్థము కాకపోవును. జమయు ఖర్చును సరితూగవలెనను లెక్కల ధర్మము పన్నులతోపాటు మారదు. మారనిదానిని గట్టిగా కట్టి, మారుదానిని వదులుగా కూర్చుటయే నేర్పు.

ఆ తండ్రిగారికి నేను చెప్పిన సమాధానము ఇదియే. "అయ్యా, మీవాడు నేర్చు యంత్రభాష పాతబడవచ్చును, దానిని మరల నేర్చుకొనును. కాని లెక్కను విడివిడి భాగములుగా చేయుట, తన ఆలోచనను తల్లిభాషలో తేటగా వ్రాయుట, చేసినదానిని తానే సరిచూచుకొనుట, ఇవి పాతబడవు. వీనిని ఈ పాఠశాలలోనే నేర్పుచున్నాము." విద్యార్థులారా! మీ ఇంటి నెలసరి ఖర్చును ఒక పట్టికగా వ్రాసి, బియ్యము ధర మారినచో ఎన్ని చోట్ల దిద్దవలసి వచ్చునో లెక్కపెట్టుడు. ఒక్కచోటనే యైనచో మీకు ఈ విద్యలో మొదటి పాఠము వచ్చినట్లే.