పాత తెరచాప పడవ ధరను తేల్చేది పెయింట్ కాదు, దాని కింద దాగిన నీరు

పాత తెరచాప పడవ అమ్మకానికి వస్తే కొనేవారికి ముందు కనిపించేవి పెయింట్, తెరచాపలు, లోపలి చెక్కపని. ధరను తేల్చేవి మాత్రం కంటికి కనిపించవు. పడవ గోడల్లోకి ఎంత నీరు ఇంకింది? లోహపు భాగాలు ఎంత తుప్పు పట్టాయి? కొయ్య ఎక్కడ పుచ్చింది? వీటికి జవాబు తెలియకుండా బేరం కుదిరితే కొన్నవారు నదిలోనో సముద్రంలోనో ఇబ్బంది పడతారు. జవాబు తెలియదన్న అనుమానంతో బేరం చెడితే, బాగు చేయదగిన పడవ కూడా ఒడ్డున పడి పాడైపోతుంది.

కోల్‌కతా లాంటి చోట ఈ ప్రశ్నలకు ప్రాధాన్యం ఇంకా ఎక్కువ. అక్కడి డాక్‌లు సముద్ర ముఖంలోని సాండ్‌హెడ్స్ నుంచి 232 కిలోమీటర్లు లోపల, హుగ్లీ నది మీద ఉన్నాయి. 1975లో ప్రారంభమైన ఫరక్కా బ్యారేజీ గంగ నీటిని హుగ్లీలోకి మళ్లిస్తోంది. అందువల్ల నగరం దగ్గర పోటు, పాటు ఉన్నా నీటిలో ఉప్పు చాలా తక్కువ. పడవకు ఇది కొంత మేలు, కొంత కీడు.

ఫైబర్ గ్లాస్‌కు బొబ్బలు ఎందుకు?

1960ల తర్వాత వచ్చిన విహార పడవల్లో ఎక్కువ భాగం ఫైబర్ గ్లాస్‌వే. గాజు పోగులను పాలిస్టర్ రెసిన్‌తో అతికించి, పైన జెల్‌కోట్ అనే నున్నటి పూత వేస్తారు. ఈ పూత నీటిని పూర్తిగా ఆపలేదు. నీటి అణువులు మెల్లగా లోపలికి చేరి రెసిన్‌లోని కొన్ని బంధాలను విడగొడతాయి. అలా పుట్టిన ఆమ్లాలు, ఇతర పదార్థాలు చిన్న ఖాళీల్లో చిక్కని ద్రావణంగా నిలుస్తాయి.

ఆ తర్వాత జరిగేది ద్రవాభిసరణ. ఆవకాయ కలిపిన మర్నాటికి జాడీలో ఊట ఊరడం అందరికీ తెలిసిందే. బయట ఉప్పు ఎక్కువ కాబట్టి ముక్కలోని నీరు బయటికి వస్తుంది. పడవ గోడలో దీనికి తిరగబడిన వ్యవహారం నడుస్తుంది. చిక్కటి ద్రావణం లోపల ఉంది కాబట్టి బయటి నీరు లోపలికి వస్తుంది. ఒత్తిడి పెరిగి జెల్‌కోట్ బొబ్బలా ఉబ్బుతుంది. ఆ బొబ్బను గుచ్చితే పుల్లటి వాసన గల ద్రవం కారుతుంది.

సముద్రపు నీటిలో ఉప్పు ఉంటుంది కాబట్టి లోపలికీ బయటికీ తేడా తక్కువ. మంచినీటిలో ఆ తేడా ఎక్కువ. వెచ్చటి నీటిలో రసాయన చర్యలు కూడా వేగంగా జరుగుతాయి. అందుకే హుగ్లీ లాంటి నదిలో ఏళ్ల తరబడి లంగరు వేసి ఉన్న ఫైబర్ పడవను బొబ్బల కోసం ప్రత్యేకంగా చూడాలి.

కొయ్య పడవ సంగతి వేరు

కొయ్యను తొలిచే ఓడపురుగు పేరుకే పురుగు, నిజానికి ఆల్చిప్పల బంధువు. ఉప్పు తగ్గిన నీటిలో అది బతకడం కష్టం. పాతకాలం నావికులు ఓడలను నదుల్లోకి తెచ్చి నిలపడానికి ఒక కారణం ఇదే. కానీ మంచినీరు మరో శత్రువుకు తలుపు తెరుస్తుంది. కొయ్యలో తేమ సుమారు 20 శాతం దాటి చాలాకాలం నిలిస్తే బూజు జాతి శిలీంధ్రాలు దాన్ని పుచ్చబెడతాయి. బెంగాల్ వానాకాలంలో డెక్ మీది చిన్న పగులు చాలు. నీరు పైనుంచి దిగి, నది నీరు చేయలేని నష్టం చేస్తుంది.

లోహాల పోరు

రెండు వేర్వేరు లోహాలు నీటిలో ఒకదానికొకటి తగిలి ఉంటే బ్యాటరీలా పనిచేస్తాయి, వాటిలో ఒకటి కరుగుతుంది. 1761లో బ్రిటిష్ నౌక అలారంకు అడుగున రాగి రేకు తొడిగారు. ఓడపురుగు ఆగింది గానీ, రాగికి తగిలిన ఇనుప మేకులు తినేసినట్టు కరిగిపోయాయి. 1824లో హంఫ్రీ డేవీ ఇదే సూత్రాన్ని తిప్పి వాడి, రాగిని కాపాడటానికి ఇనుము, జింకు ముక్కలు అమర్చాడు. నేటి పడవల అడుగున కనిపించే జింకు దిమ్మలు ఆ ఆలోచనకు వారసులే. విద్యుత్తు అంతగా ప్రవహించని మంచినీటిలో జింకు సరిగా పనిచేయదు. అక్కడ మెగ్నీషియం వాడతారు. పడవ ఏ నీటిలో తిరిగింది, దానికి ఏ దిమ్మలు వాడారు అని కొనేవారు అడగడం అందుకే.

తెరస్తంభాన్ని పట్టి ఉంచే స్టెయిన్‌లెస్ స్టీలు తీగల మీదా ఓ కన్నేయాలి. ఆ స్టీలును కాపాడే సన్నటి క్రోమియం ఆక్సైడ్ పొర నిలవాలంటే ఆక్సిజన్ కావాలి. తీగ చివర బిగింపుల్లో నీరు నిలిచి గాలి ఆడకపోతే, బయట మెరుస్తున్న తీగే లోపల పగులుతుంది.

గోడ లోపలికి చూసేదెలా?

సర్వేయర్ మొదటి పరికరం చిన్న ప్లాస్టిక్ సుత్తి. గట్టి గోడ మీద కొడితే ఖణీమని మోగుతుంది, పొరలు విడిపోయిన చోట బొద్దుగా పలుకుతుంది. రెండోది తేమ మీటర్. నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం సుమారు 80, పొడి రెసిన్‌ది 4 దరిదాపుల్లో. గోడలో తేమ ఉంటే మీటర్ ఈ తేడాను పట్టేస్తుంది. అయితే అప్పుడే ఒడ్డుకు లాగిన పడవ మీద గానీ, రాగి కలిసిన పెయింట్ మీద గానీ ఆ అంకెను నమ్మకూడదు. పెయింట్ గీకి, కొన్ని రోజులు ఆరనిచ్చి మళ్లీ కొలవాలి.

ఉక్కు ఓడలకు అల్ట్రాసౌండ్ వాడతారు. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు ప్రయాణిస్తుంది. 10 మిల్లీమీటర్ల పలకకు అవతలి వైపు తగిలి ప్రతిధ్వని తిరిగి రావడానికి దాదాపు 3.4 మైక్రోసెకన్లు పడుతుంది. అంతకంటే ముందే వస్తే ఆ మేరకు పలక పలచబడినట్టే. స్కాట్లాండ్‌లోని డంబార్టన్‌లో 1940ల్లో తయారైన చక్రాల స్టీమర్ పీఎస్ భోపాల్‌ను కోల్‌కతా పోర్టు పునరుద్ధరణ కోసం ప్రైవేటు సంస్థకు అప్పగించింది. అంత పాత ఓడ విషయంలో ఎవరైనా ముందుగా వేసే ప్రశ్న, ఉక్కు ఇంకా ఎంత మిగిలి ఉందనే.

దాస్తే నష్టం అమ్మేవారికే

మంచి స్థితిలో ఉన్న పడవ విలువ 20 లక్షలు, లోపల పాడైనదాని విలువ 8 లక్షలు అనుకుందాం. రెండూ పైకి ఒకేలా ఉంటే కొనేవారు మధ్యస్థంగా 14 లక్షలు ఇస్తామంటారు. మంచి పడవ యజమాని ఆ ధరకు ఒప్పుకోక తప్పుకుంటాడు. ఇక బజారులో మిగిలేవి పాడైనవే. అర్థశాస్త్రవేత్త జార్జ్ ఏకర్లాఫ్ 1970లో పాత కార్ల ఉదాహరణతో ఈ సంగతి వివరించారు. 2001లో నోబెల్ పంచుకున్నారు.

దీనికి విరుగుడు సమాచారమే. పడవను ఒడ్డుకు ఎక్కించి, ఆరబెట్టి, స్వతంత్ర సర్వేయర్‌తో పరీక్ష చేయించాలి. తేమ అంకెలు ఏ తేదీన, ఏ చోట తీసుకున్నవో నివేదికలో రాయించాలి. బొబ్బల మీద కొత్త పెయింట్ వేయకూడదు. అది లోపాన్ని దాచడమే కాక, లోపలి తేమ ఆరకుండా కూడా చేస్తుంది. మరమ్మతు ఖర్చును విడిగా చూపి, దాన్ని తగ్గించి ధర చెప్పాలి.

అమ్ముడుపోని ఫైబర్ పడవను కరిగించి మళ్లీ వాడుకునే వీలు లేదు. గట్టిపడిన పాలిస్టర్ రెసిన్ వేడికి కరగదు, మాడుతుంది. ఫ్రాన్స్ 2019 నుంచి పాత విహార పడవలను విడదీసే బాధ్యతలో తయారీదారులకు కూడా వాటా పెట్టింది. అలాంటి ఏర్పాటు లేని చోట, వదిలేసిన పడవ చివరికి చేరేది నది ఒడ్డు బురదలోకే. లోపాలు రాసిన ఒక కాగితం ధరను కొంత తగ్గించవచ్చు. కానీ ఆ పడవకు మరో ఇరవై ఏళ్ల ఆయుష్షు ఇవ్వగల మనిషి దొరికేది ఆ కాగితం వల్లే.