కర్నూలులో రాత్రిపూట కడప స్టేషన్ ఎందుకు ఊగుతుంది?

మీడియం వేవ్ విన్న కర్నూలు వాళ్లకు ఇది తెలిసిన సంగతే. పగలు ముల్లు 900 దగ్గర పెడితే కడప ఆకాశవాణి సన్నగానైనా నిలకడగా పలికేది. పొద్దుగూకాక అదే గొంతు ఉన్నట్టుండి పెద్దదయ్యేది, కాసేపటికి అణిగిపోయేది, నడుమ ఏదో తెలియని భాష దూరేది. సెల్లులు ఎండలో పెట్టి మళ్లీ వేసినా అంతే. ఎందుకని? లోపం సెట్టులో లేదు.

ఇంతకీ 900 అంటే ఏమిటి? 1963లో మొదలైన కడప కేంద్రానికి 100 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్, 900 కిలోహెర్ట్జ్‌ల ఫ్రీక్వెన్సీ. అంటే ఏరియల్‌లో కరెంటు సెకనుకు 9 లక్షల సార్లు పైకీ కిందికీ ఊగుతుంది. ఆ ఊపే తరంగమై సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల వేగంతో బయలుదేరుతుంది. భాగించి చూస్తే ఒక్కో అల పొడవు 333 మీటర్లు. పాటను బట్టి ఈ ఊపు బలం హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. ఏఎం అంటే అదే. (హైదరాబాద్ 738, విజయవాడ 837, విశాఖ 927. అన్నీ తొమ్మిదో ఎక్కంలోవే! 1978లో స్టేషన్ల మధ్య 9 కిలోహెర్ట్జ్‌ల ఎడం పెట్టారు, అందుకు.)

పగలు ఆ అల కర్నూలుకు ఎలా చేరుతుంది? నేలను పట్టుకుని. గాలిదారిన దూరం సుమారు 170 కిలోమీటర్లు. అంత పొడవైన అలకు గుట్టలు పెద్ద అడ్డేమీ కాదు, వంగి దాటేస్తుంది. ఎఫ్ఎం అల మూడు మీటర్లే కాబట్టి నల్లమల మలుపుల్లో కొండ చాటున తెగిపోతుంది. కానీ నేల ఊరికే దారివ్వదు, టోల్‌గేటులా అడుగడుగునా వసూలు చేస్తుంది. పోయే అల మట్టిలో కరెంటు పుట్టిస్తుంది. కరెంటును సరిగా పారనివ్వని మట్టిలో ఆ శక్తి వేడిగా ఖర్చవుతుంది. ఎండిన రాతి నేలకన్నా సముద్రపు నీరు వేల రెట్లు మెరుగైన వాహకం. తేమ పట్టుకునే నల్లరేగడి కొంత నయం, బేతంచెర్ల వైపు నాపరాయి నేల అంత మంచిది కాదు. మోటారు ఎర్తు గుంతలో బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోసే రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మీడియం వేవ్ టవర్ల మొదట్లో నేలలో రాగి తీగలు నలుదిక్కులా పరచి పాతిపెట్టేదీ ఇందుకే. సీమ నేల మీద కడప గొంతు కర్నూలు చేరేసరికి సన్నబడడంలో వింతేముంది!

మరి రాత్రి ఏం మారుతుంది? నేల కాదు, ఆకాశం. ఏరియల్ నుంచి కొంత తరంగం పైకీ పోతుంది. పగటి ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లు విడివడి ‘డి’ పొర తయారవుతుంది. అక్కడ గాలి ఇంకా కాస్త చిక్కన. తరంగం ఊపిన ఎలక్ట్రాన్లు అణువులను గుద్దుకుని, తీసుకున్న శక్తిని అక్కడే పోగొట్టుకుంటాయి. అంటే పగలు పైకి పోయింది పైనే ఆవిరి. పొద్దుగూకగానే ఎలక్ట్రాన్లు తిరిగి అణువుల్లో కలుస్తాయి, డి పొర దాదాపు మాయమవుతుంది. తరంగం ఇంకా పైకి, వంద కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న ‘ఇ’ పొర దాకా, ఒక్కోసారి అంతకు మించి పోయి, వంగి నేలకు దిగుతుంది.

ఇప్పుడు కర్నూలుకు కడప రెండు దారుల్లో వస్తోంది. నేలదారి 170 కిలోమీటర్లు, ఆకాశదారి దాదాపు 260. రెండు అలలూ ఒకే తీరున ఊగుతూ చేరితే గొంతు పెరుగుతుంది, ఎదురుబొదురుగా చేరితే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పై పొర నిలకడగా ఉండదు. అది ఓ వంద మీటర్లు కిందికో పైకో జరిగితే దారి సగం అల పొడవు మారుతుంది. కలిసినవి కాస్తా కొట్టుకుంటాయి. కడప ఊళ్లో ఈ బాధ లేదు, అక్కడ నేల అలదే పెత్తనం. రెండూ సమానమయ్యే దూరంలోనే చిక్కు. ఎండు నేల వల్ల ఆ దూరం స్టేషన్‌కు మరింత దగ్గరగా జరుగుతుంది.

పరాయి భాష కూడా ఆకాశదారినే వస్తుంది, ఎక్కడో 900 మీదనో పక్కనో పలికే స్టేషన్ నుంచి. దానికి ఒక ఉపాయముంది. సెట్టులో ఫెర్రైట్ కడ్డీకి తీగ చుట్టి ఉంటుంది, ఏరియల్ అదే. కడ్డీ కొస ఏ దిక్కు చూస్తే ఆ దిక్కు స్టేషన్ బాగా తగ్గుతుంది. రేడియోను మెల్లగా తిప్పుతూ పోతే పరాయి గొంతు అణిగే చోటు దొరకొచ్చు. ఊగడానికి మాత్రం ఈ చిట్కా పెద్దగా పనిచేయదు, నేల అలా ఆకాశపు అలా రెండూ కడప దిక్కు నుంచే వస్తాయి కదా.