గాజు కాడ చెప్పేది సాంద్రత ఒక్కటే

మంజీరపై కట్టిన నిజాంసాగర్ నీళ్లు 1931 నుంచి పారడంతో బోధన్ చుట్టుపక్కల చెరకు పెరిగింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ లేచింది. ఆ మిల్లు ముచ్చట వస్తే పొగగొట్టాలు, క్రషింగ్ రోలర్లు, గేటు ముందు బారులు తీరిన చెరకు బండ్లే అందరికీ గుర్తొస్తాయి. ల్యాబులో ఉండే గాజు కాడ ఎవరికీ గుర్తు రాదు. చెరకు మిల్లు ఏదైనా నడిచేది మాత్రం దాని లెక్క మీదే. రసంలో చక్కెర 15 బ్రిక్స్ (నూటికి 15 పాళ్లు) ఉందో 18 ఉందో తేలాకే ఎంత నీటిని ఆవిరి చేయాలో తెలుస్తుంది. రసాన్ని 60 బ్రిక్స్ దాటిన పాకంగా మరిగించేదాకా ప్రతి అంచెలోనూ మళ్లీ కొలవాల్సిందే.

దాని పేరు హైడ్రోమీటరు. పాలకేంద్రంలోని లాక్టోమీటరు, బ్యాటరీ మెకానిక్ యాసిడ్‌లో ముంచే గొట్టం దీని తోబుట్టువులే. వయసు పదహారు వందల ఏళ్ల పైమాటే. క్రీ.శ. 400 ప్రాంతంలో సైనీసియస్ అనే శిష్యుడు అలెగ్జాండ్రియాలోని గణితవేత్త హైపేషియాకు ఉత్తరం రాసి ఇలాంటి పరికరం చేయించి పంపమన్నాడు. పిల్లనగ్రోవి అంత గొట్టం, ఒంటిమీద గాట్లు, అడుగున బరువు అని వివరం కూడా ఇచ్చాడు. 1768లో ఫ్రాన్స్‌లో బోమే దానికి తన పేరిట ఒక స్కేలు గీశాడు. 1843లో ప్రాగ్‌లో బాలింగ్ నూటికి ఎన్ని పాళ్లు చక్కెరో నేరుగా చెప్పే పట్టిక తయారుచేశాడు. జర్మనీలో బ్రిక్స్ దాన్ని సరిదిద్దాడు, ఆ తర్వాత ప్లాటో ఇంకాస్త మెరుగుపరిచాడు. చక్కెర మిల్లు బ్రిక్స్ పేరు నిలుపుకుంది, బీరు కాచేవాళ్లు ప్లాటో పేరు పట్టుకున్నారు. రెండింటి అర్థం ఒకటే: 100 గ్రాముల ద్రావణంలో ఎన్ని గ్రాముల చక్కెర ఉందన్నది.

చిక్కంతా ఇక్కడే ఉంది. కాడకు చక్కెర తెలియదు. ద్రవం సాంద్రత ఎంత ఎక్కువైతే అంత పైకి తేలడమే దానికి తెలుసు. పాలలో వెన్న తీస్తే లాక్టోమీటరు పైకి లేస్తుంది, నీళ్లు కలిపితే దిగుతుంది. రెండూ చేస్తే అంకె సరిగ్గానే ఉంటుంది, తాగే బిడ్డకు మాత్రం అన్యాయం జరుగుతుంది.

ఇంట్లో బీరు కాచేవాళ్లను వేధించేదీ ఇదే. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఆ పని చేయకూడదు. అమెరికాలో 1978 నాటి చట్టంతో దానికి దారి తెరుచుకుంది. మాల్టు రసం సాంద్రత, నీటిది 1.000 అనుకుంటే, 1.050 దగ్గర మొదలై, పులిశాక 1.010 దగ్గర ఆగాలని లెక్క వేసుకుంటారు. తీరా చూస్తే ఇంకేదో అంకె కనిపిస్తుంది. వెంటనే ఈస్టు చచ్చిపోయిందని కంగారుపడి మళ్లీ కొత్త ఈస్టు పోస్తారు. పాపం, ఈస్టు తప్పు చాలాసార్లు ఉండదు.

మొదట వేడిని చూడాలి. కాడ మీద ఏ ఉష్ణోగ్రతకు గీతలు గీశారో రాసి ఉంటుంది. మన మిల్లుల్లో వాడేవాటి మీద ఎక్కువగా 27.5 డిగ్రీలని, విదేశీవాటి మీద 20 అని కనిపిస్తుంది. 20 డిగ్రీల కాడను 40 డిగ్రీల రసంలో ముంచితే ఒకటిన్నర బ్రిక్స్ దాకా తక్కువ చూపిస్తుంది. నిజామాబాద్ ఎండలో 40 ఏమంత వింత కాదు.

తర్వాత బుడగలు. రోలర్ల నుంచి వచ్చిన రసం నిండా గాలి, పిప్పి నలకలు. అందుకే కెమిస్టు రసాన్ని వడకట్టి, జాడీలో కాసేపు కదలకుండా ఉంచుతాడు. ఆ తర్వాత అంచు దాకా నింపి నురగను పొర్లిపోనిస్తాడు. కాడను వదిలేయకుండా వేళ్లతో పట్టుకుని మెల్లగా దించుతాడు. గీతకు మించి తడిస్తే ఆ తడి బరువుకే అది ఇంకాస్త మునుగుతుంది. కాడ జాడీ గోడను తాకకూడదు. కన్ను రసం మట్టానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పులుస్తున్న బీరులోనైతే కార్బన్ డయాక్సైడ్ బుడగలు గాజుకు అంటుకుని కాడను పైకి లేపుతాయి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. అప్పుడే దింపిన కల్లులో ముంచినా ఇదే జరుగుతుంది. రెండు పాత్రల మధ్య అటూ ఇటూ పోసి గ్యాసు పోగొట్టి కొలిస్తే తేడా తెలిసిపోతుంది.

చక్కెర కానివి కూడా బరువే. మొలాసిస్‌లో లవణాలు దండిగా ఉంటాయి, కాడ వాటినీ చక్కెర కింద లెక్క కడుతుంది. కాబట్టి మొలాసిస్ నుంచి ఆల్కహాల్ తీసేచోట పులియడం పూర్తయినా అంకె 1.000 దాకా దిగదు. అది లోపం కాదు, దాని స్వభావం. మాల్టును 70 డిగ్రీల దగ్గర నానబెడితే ఈస్టుకు కొరుకుడుపడని డెక్స్‌ట్రిన్లు ఎక్కువగా మిగులుతాయి, అప్పుడూ అంకె పైనే ఆగుతుంది. ఉత్త చక్కెర నీళ్లు పులిస్తే మాత్రం 1.000 కంటే కిందికి పోతుంది, ఎందుకంటే ఆల్కహాల్ నీటికంటే తేలిక.

చెరకు పక్వానికి వచ్చిందో లేదో చూడటానికి తోటలోకి తీసుకెళ్లే చేతి రిఫ్రాక్టోమీటరు తీరు వేరు. గాజు మీద రెండు చుక్కల రసం చాలు, కాంతి ఎంత వంగిందో చూసి బ్రిక్స్ చెబుతుంది. పచ్చి రసానికి దానంత తేలికైన సాధనం లేదు. పులిసిన ద్రవంలో మాత్రం ఆల్కహాల్ కూడా కాంతిని నీటికంటే ఎక్కువగా వంచుతుంది. 12.4 బ్రిక్స్‌తో, అంటే 1.050తో మొదలై నిజానికి 1.010కి చేరిన బీరును అది ఇంకా 6 బ్రిక్స్ అని చూపిస్తుంది. మధ్యలో ఆగిపోయిందనే అపోహలు ఎక్కువగా ఇక్కడే పుడతాయి.

ఇంత చూసినా అనుమానం తీరకపోతే కాడ మీద రాసి ఉన్న ఉష్ణోగ్రత దగ్గరే డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి చూడాలి. 1.000 రాకపోతే లోపలి కాగితం స్కేలు జారినట్టే. కాడ బాగానే ఉంటే బీరును కొలిచి పోసుకుని, ఆల్కహాల్ పోయేదాకా మరిగించి, చల్లార్చి, తగ్గినంత నీళ్లు పోసి మొదటి కొలతకు తెచ్చి మళ్లీ కాడ దించాలి. నిజంగా ఎంత పదార్థం మిగిలిందో ఇప్పుడు తేలుతుంది. మరిగించక ముందు అంకెకు, ఈ అంకెకు ఉన్న తేడాను పట్టికలో చూసుకుంటే అందులో ఎంత ఆల్కహాల్ ఉండేదో కూడా తెలిసిపోతుంది.