పదేళ్ల ‘ఇంటర్నేషనల్ లైసెన్సు’ అనే మోసం

స్టేషన్ ఘన్‌పూర్ చౌరస్తాలో ఈ మధ్య ఒక మాట బాగా తిరుగుతోంది. “ఇంటర్నేషనల్ లైసెన్సుకు ఆర్టీఏ ఆఫీసు దాకా ఎందుకన్నా? ఫోటో, లైసెన్సు జిరాక్సు వాట్సాప్‌ల పంపితే వారంల ఇంటికొస్తది. పదేండ్లు చెల్లుతది, ఏ దేశంల అయినా నడుస్తది.” ఇది ఎవరో దళారి నోట వింటే ఆశ్చర్యం లేదు. పిల్లలను అమెరికాకో ఆస్ట్రేలియాకో పంపిన తల్లిదండ్రులే ఒకరికొకరు ఫార్వర్డ్ చేసుకుంటున్నారు. వాళ్లకు చెప్పేవాళ్లు కనబడక ఇది రాయాల్సి వస్తోంది.

పిల్లలు అక్కడ స్థిరపడ్డాక అమ్మానాన్నలను పిలిపించుకుని, కారు కిరాయికి తీసుకుని, కొండల మీదుగా సముద్రం వెంట వారం పది రోజులు తిప్పడం మన జనగామ పక్క ఇప్పుడు మామూలే. పిల్లలతో పని లేకుండా సొంతంగా యూరప్ చుట్టి వచ్చే ఉద్యోగులూ పెరిగారు. నాకు తెలిసిన కుటుంబం ఒకటి ఇటలీలో డోలమైట్స్ కొండదారి చూద్దామని మిలాన్‌లో దిగింది. కారు కౌంటర్ దగ్గర ఆ పదేళ్ల కార్డు తీసి ఇస్తే, అక్కడి అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది మాకు పనికిరాదని వెనక్కి ఇచ్చేసింది. ముందే కట్టిన కిరాయి పోయింది. కొండల్లో బుక్ చేసుకున్న గదుల డబ్బులూ పోయాయి. ఇటలీలో మన లైసెన్సుతో పాటు అసలైన ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గానీ, అధికారిక అనువాదం గానీ ఉండి తీరాలి. నిజానికి ఆ అమ్మాయి వాళ్లకు మేలే చేసింది. చూడకుండా తాళాలు ఇచ్చేసి, దారిలో ఎవరినైనా గుద్ది ఉంటే? చెల్లని పత్రంతో నడిపిన మనిషిని బీమా కంపెనీ ఆదుకోదు. బండి ఖర్చు, అవతలివాళ్ల ఆస్పత్రి ఖర్చు అంతా సొంత జేబులోంచే.

అసలు సంగతి చూద్దాం. ఐడీపీ అంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్. అది లైసెన్సు కాదు, మన లైసెన్సుకు దుబాసీ. అసలు మనిషి ఇంట్లో ఉండి దుబాసీ ఒక్కడూ పోతే ఎవరితో మాట్లాడతాడు? అందుకే ఐడీపీ ఉన్నా ఒరిజినల్ లైసెన్సు కార్డు జేబులో ఉండాల్సిందే. లైసెన్సు ఇచ్చిన దేశమే ఐడీపీ కూడా ఇవ్వాలి. తెలంగాణ లైసెన్సుకు తెలంగాణ రవాణా శాఖ ఇస్తుంది, అంతే. ఎక్కడో విదేశంలో వెబ్‌సైటు పెట్టుకున్న కంపెనీకి మన జనగామ లైసెన్సు మీద పర్మిట్ రాసే అధికారం ఎవరిచ్చారు? ఐక్యరాజ్యసమితి పేరు చెప్పి అమ్ముతారు గానీ, ఐక్యరాజ్యసమితి ఎవరికీ డ్రైవింగ్ పర్మిట్లు ఇవ్వదు. అమెరికాలో ఇలాంటి నకిలీలు అమ్మేవాళ్ల మీద అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2003లోనే కేసులు పెట్టింది. ఆ పాత సరుకే ఇప్పుడు మన వాట్సాప్‌లకు చేరింది.

నకిలీని పట్టుకోవడానికి పెద్ద తెలివేం అక్కర్లేదు. 1949 జెనీవా ఒప్పందం నమూనా ప్రకారం ఐడీపీ అంటే అరచేతిలో పట్టే చిన్న పుస్తకం. బూడిదరంగు అట్ట, లోపల తెల్ల కాగితాలు, అవే వివరాలు వేర్వేరు భాషల్లో, ఫోటో పక్కన ఏ నుంచి ఈ వరకు వాహనాల తరగతులు. మీకు ఏ తరగతికి అర్హత ఉందో దాని ఎదురుగా ముద్ర పడుతుంది. ఏ అంటే మోటార్‌సైకిల్, బీ అంటే కారు. మెరిసే ప్లాస్టిక్ కార్డు, దాని మీద భూగోళం బొమ్మ, హోలోగ్రామ్, పదేళ్ల గడువు కనిపిస్తే అది బొమ్మ లైసెన్సే. మన దగ్గర ఐడీపీ గడువు ఏడాదికి మించదు. మూడేళ్లు, ఐదేళ్లు, పదేళ్లు అన్న ప్రతివాడూ అబద్ధమాడుతున్నట్టే, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

విచిత్రం ఏమిటంటే, అసలైనది తీసుకోవడం ఈ మోసం కన్నా చవక. కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం ఫీజు 1,000 రూపాయలు, పైన సర్వీసు చార్జీ. ఆన్‌లైన్‌లో స్లాటు బుక్ చేసుకుని, లైసెన్సు, పాస్‌పోర్టు పట్టుకుని పోతే చాలు, మళ్లీ డ్రైవింగ్ పరీక్ష ఉండదు. “వీసా స్టాంపు పడితే గానీ ఇయ్యరట” అన్నది ఇంకో పుకారు. దిగాక వీసా ఇచ్చే దేశాలు కూడా ఉన్నాయి కదా అని, 2021 జనవరిలో కేంద్రం నిబంధనలు మార్చి, దరఖాస్తు వేళ వీసా, మెడికల్ సర్టిఫికెట్ చూపాలన్న షరతు తీసేసింది. విదేశంలో ఉండగా గడువు తీరితే అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారా మళ్లీ అడిగే వీలు కూడా అప్పుడే వచ్చింది. ఇంత సులువైన దానికి ఆర్టీఏ మెట్లెక్కడానికి బద్ధకించి దళారికి వేలు పోస్తే ఇక ఎవరినని ఏం లాభం?

సరే, అసలైన ఐడీపీనే తీసుకున్నారు. అది ప్రపంచమంతా చెల్లుతుందా? చెల్లదు. చైనా ఏ ఐడీపీనీ ఒప్పుకోదు. జపాన్ 1949 నమూనా పుస్తకాన్నే ఒప్పుకుంటుంది కాబట్టి అక్కడ మనది పనికొస్తుంది. వియత్నాం సంగతి దీనికి తలకిందులు. అక్కడ చెల్లేది 1968 వియన్నా ఒప్పందం ప్రకారం ఇచ్చిన పర్మిట్, మన ఆర్టీఏ ఇచ్చేది 1949 జెనీవాది. హనుమకొండ, వరంగల్ కుర్రాళ్లు రీల్స్ చూసి వియత్నాం ఉత్తరాన హా జాంగ్ కొండల్లో బైకు నడపాలని టికెట్లు కొంటున్నారు. బైకు అద్దెకిచ్చేవాడు లైసెన్సు అడగకపోవచ్చు. పోలీసు అడుగుతాడు, పడితే బీమా కంపెనీ కూడా అడుగుతుంది. అక్కడి బైకు మీద అక్కడి మనిషినే నడపమని, వెనక కూర్చుని లోయలు చూడటం మేలు. ఆ ఏర్పాటు అక్కడ బాగా దొరుకుతుంది.

తరగతుల మాట ఇంకొకటి. రెండు కుటుంబాలు కలిసి పోతున్నామని పన్నెండు సీట్ల వ్యాను బుక్ చేస్తుంటారు. జెనీవా ఒప్పందంలో బీ తరగతి అంటే డ్రైవరు కాక ఎనిమిది సీట్ల వరకే. అద్దె కంపెనీవాళ్లు దీన్ని చూసీచూడనట్టు వదిలేస్తారేమో, బీమా వాళ్ల మీద మాత్రం ఆ నమ్మకం పెట్టుకోకండి. రెండు కార్లు తీసుకోండి.

ఇక చిన్నాచితకా నమ్మకాలు. డిజిలాకర్‌లో లైసెన్సు ఉంది చాలంటారు: మన దేశంలో చాలు, బయట దాన్ని ఎవరూ లెక్కచేయరు. షెంగెన్ వీసాతో లండన్ కూడా పోవచ్చంటారు: పోలేరు. కారు ఎవరి పేరు మీద తీసుకున్నా క్రెడిట్ కార్డు ఎవరిదైనా గీకొచ్చంటారు: సాధారణంగా నడిపే మనిషి పేరు మీదే కార్డు ఉండాలి. ట్రావెల్ ఇన్సూరెన్సు కారుకూ వర్తిస్తుందంటారు: కారుకు వేరే బీమా. ఆవకాయ సీసా న్యూజిలాండ్‌కు దాచి తీసుకుపోవచ్చంటారు: ఫారంలో రాయకుండా పట్టుబడితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. రాసి చూపించండి, తీసుకుంటే తీసుకుంటారు, పోయేది పచ్చడే.

ఒక్క మాట దగ్గర నేను వెనక్కి తగ్గాలి. “అమెరికాల మన లైసెన్సు ఇంగ్లీషులనే ఉంది కదా, ఐడీపీ ఎందుకు?” అని వాదించే అంకుల్ మాట చాలావరకు నిజం. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు తమ దేశపు లైసెన్సుతో నడపడానికి కాలిఫోర్నియా వంటి రాష్ట్రాలు ఒప్పుకుంటాయి, ఇంగ్లీషులో ఉన్న లైసెన్సు చూసి కార్లు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అయినా రాష్ట్రానికొక పద్ధతి, కంపెనీకొక నియమం. ఆరు రాష్ట్రాలు దాటేటప్పుడు ప్రతి రాష్ట్రం రూలూ చదవడం కన్నా వెయ్యి రూపాయలు పెట్టి పుస్తకం జేబులో వేసుకోవడం నయం కాదా?

అంకుల్ మాట పట్టుకుని కొడుకు కూడా అలాగే నడుపుతానంటే మాత్రం ఒప్పుకోను. చదువుకో, ఉద్యోగానికో పోయి అక్కడ కాపురం పెట్టినవాడు చుట్టం కాదు, ఆ రాష్ట్రంలో నివాసి. అక్కడ నివాసం ఏర్పడ్డాక కాలిఫోర్నియా 10 రోజుల్లో, న్యూయార్క్ 30 రోజుల్లో, టెక్సస్ 90 రోజుల్లో స్థానిక లైసెన్సు తీసుకోవాలంటాయి. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ కూడా 2023 జులై నుంచి తాత్కాలిక వీసా వాళ్లకు ఆరు నెలల గడువు పెట్టింది. “ఐడీపీ ఏడాది ఉంటది, ఏడాది దాకా ఫికర్ లేదు” అని చెప్పుకునే మన పిల్లలకు ఈ తేడా పట్టదు. వీళ్లే సెలవులకు వచ్చిన అమ్మానాన్నలను ఎక్కించుకుని వేల మైళ్లు తోలేది.

తోలడం అన్నాం కాబట్టి దూరాల సంగతి. మన జాతీయ రహదారి 163 మీద హైదరాబాద్ పోయినట్టే లెక్క వేసుకుని, ఫోను పది గంటలు చూపిస్తే పది గంటల్లో దిగుతామనుకుంటారు. న్యూజిలాండ్‌లో క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్ సౌండ్ ఒక వైపే సుమారు 290 కిలోమీటర్లు, ఆగకుండా పోతే నాలుగు గంటలు. ఆగకుండా పోవడానికి అంత దూరం ఎందుకు వెళ్లినట్టు? ఒకేసారి ఒకే బండి పట్టే వంతెనలు, మలుపు మలుపుకూ ఫోటోలు, పిల్లలకు వాంతులు. పోయి, పడవ ఎక్కి, తిరిగి రావడం ఒకే రోజులో పెట్టుకుంటే రాత్రి ఆ కొండల్లో నిద్రమత్తుతో నడపాలి. ముందు రోజు టె అనౌలో పడుకుంటే మిగిలేది సుమారు 120 కిలోమీటర్లే.

విమానం దిగిన రోజు స్టీరింగ్ ముట్టుకోవద్దు. అమెరికాలో బండ్లు కుడివైపు నడుస్తాయన్న భయం రెండో రోజుకు పోతుంది. నిద్రలేమి అంత త్వరగా పోదు.

మన వేసవి సెలవుల్లో అన్ని దారులూ తెరిచే ఉంటాయనుకోవడం కూడా పొరపాటు. మోంటానాలో గ్లేసియర్ పార్కు మీదుగా పోయే గోయింగ్-టు-ద-సన్ దారి మంచు తొలగించి పూర్తిగా తెరిచేసరికి మామూలుగా జూన్ చివరో జులై మొదటో అవుతుంది. యోసెమిటీలో టియోగా దారి మే నెలంతా మూసి ఉన్న సంవత్సరాలున్నాయి. యెల్లోస్టోన్ లోపలి దారులు చాలామటుకు నవంబర్ మొదటి నుంచి ఏప్రిల్ మధ్య వరకు కార్లకు మూతే. కాలిఫోర్నియాలో సముద్రం వెంట పోయే ఒకటో నంబరు దారి బిగ్ సర్ దగ్గర కొండచరియలు విరిగి మాటిమాటికీ తెగుతుంటుంది. మనకు మే అంటే న్యూజిలాండ్‌కు చలికాలం వాకిట్లో ఉన్నట్టు, మిల్‌ఫర్డ్ దారికి హిమపాతం భయం, టైర్లకు గొలుసులు. టికెట్లు కొనకముందే ఆయా పార్కుల, రహదారి శాఖల సైట్లలో దారి స్థితి చూడండి. బంధువుల ఫోటోలు పోయినేడాది ఆగస్టువి కావచ్చు.

లెక్కల్లో కొత్తగా వేసుకోవాల్సిన ఖర్చు ఒకటుంది. 2026 జనవరి 1 నుంచి అమెరికా నివాసులు కానివాళ్లకు నేషనల్ పార్కుల ఏడాది పాస్ 250 డాలర్లు. పాస్ లేకుండా యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, యోసెమిటీ సహా పదకొండు పార్కుల్లోకి పోతే మామూలు టికెట్ మీద తలకు అదనంగా 100 డాలర్లు. రెండు మూడు పార్కులు చూసేట్టయితే పాసే నయం.

ఇంకో పని. కారు బుక్ చేసే ముందు ఆ కంపెనీకి ఒక ఈమెయిల్ పెట్టండి: భారత లైసెన్సు, ఐడీపీ ఉన్నాయి, ఇస్తారా, ఫలానా దేశ సరిహద్దు దాటొచ్చా అని. జవాబు ప్రింటు తీసి పెట్టుకోండి. స్విట్జర్లాండ్ హైవేలు ఎక్కితే 40 ఫ్రాంకుల టోల్ స్టిక్కర్ ఉందో లేదో తాళాలు తీసుకున్నప్పుడే చూసుకోండి. ఇటలీ పాత పట్టణాల్లో బయటి కార్లకు అనుమతి లేని వీధులుంటాయి, కెమెరాలు నంబరు పట్టుకుంటాయి. ఆ జరిమానా ఇంటికొచ్చి సామాన్లు సర్దుకున్న చాలా నెలలకు గానీ రాదు. అద్దె కంపెనీ మీ చిరునామా పోలీసులకు ఇచ్చినందుకు విడిగా చార్జీ కూడా కోస్తుంది. కాబట్టి తిరిగొచ్చాక కూడా ఆ క్రెడిట్ కార్డు స్టేట్‌మెంటు నెలనెలా చూస్తుండండి.