పనిగదికి రేకుల లోకప్పు

పెంకుటిండ్లలో పనిచేయువారికి పైనుండి రాలు దుమ్మును, ఉడుతలు త్రోయు పెంకుముక్కలును క్రొత్తవి కావు. మా పెరటియందు 3 మీటర్ల వెడల్పును 4 మీటర్ల పొడవును గల వడ్రంగపు పనిగది కలదు. చిత్రికపట్టి రంగు పూసిన పలక ఆఱకమునుపే దానిపై ధూళి పడుచుండుటచే, వాసముల క్రింద రేకుల లోకప్పు వేయ నిశ్చయించితిమి. గుడ్డ చాందినీని ఎలుకలు కొఱుకును. పలకల కప్పును చెదలు తినును. రేకునకు ఈ రెండు భయములును లేవు. ఆ పనిలో మేము నేర్చినదానిని, చేసిన తప్పుతోగూడ, విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుచున్నాము.

ఉక్కురేకు త్రుప్పు పట్టకుండుటకై దానికి తుత్తునాగపు పూత వేయుదురు. కరగిన తుత్తునాగములో ఇనుమును ముంచు పద్ధతికి ఫ్రాన్సు దేశీయుడగు స్టానిస్లాస్ సోరెల్ 1837వ సంవత్సరమున పేటెంటు పొందెను. పూతపై గీత పడినను, ప్రక్కనున్న తుత్తునాగము తాను ముందుగా క్షయించి ఇనుమును కాపాడును. తేమగల చోట రాగియో ఇత్తడియో తగిలినచో ఆ పూత త్వరగా నశించును గనుక, తుత్తునాగము పూసిన ఉక్కు మరమేకులనే వాడవలెను.

మొదట ఇంటికప్పును బాగుచేయవలెను. లోకప్పు వానకారుటను ఆపదు, దాచును. పిమ్మట నీరు నింపిన సన్నని గొట్టముతో నాలుగు గోడలపై ఒకే మట్టమున గుర్తులు పెట్టి, సుద్దదారముతో గీతలు కొట్టవలెను. ఆ మట్టమున 60 సెంటీమీటర్లకు ఒకటి చొప్పున కఱ్ఱపట్టీలను వాసములకు బిగింపవలెను. అర మిల్లీమీటరు మందముగల ఉక్కురేకు చదరపు మీటరునకు ఇంచుమించు 4 కిలోలు తూగును. మా గదికి పట్టినది సుమారు 50 కిలోలు. అంత బరువు తలపై నుండును గనుక ఉత్త మేకులను నమ్మరాదు. విద్యుత్తీగలను గొట్టములలో నడిపించి, రేకులను ఎర్తుతీగతో కలుపు పనిని తెలిసినవానిచేతనే చేయింపవలెను. రేకు అంచు కత్తివంటిది. తోలు చేతితొడుగులు లేక దానిని ముట్టరాదు.

ఇక మా తప్పు. జనవరి మాసమున పని సాగుచుండగా, రేకులు గోడనుండి గోడకు సరిగా ఆనినచో అందముగా నుండునని మేము పట్టుపట్టితిమి. వడ్రంగి, "మేష్టారూ, గోడదగ్గర వేలు పట్టే సందు వదులుదామండి. ఎండకు రేకు సాగుతుందండి" అని చెప్పెను. మేము చిఱునవ్వు నవ్వి, చెప్పినట్లు చేయుమంటిమి. ఏప్రిలులో ఒకనాటి మధ్యాహ్నము పైన టపటపమని శబ్దము పుట్టినది. చూడగా రేకులు క్రిందికి ఉబ్బియుండెను. రెండు మరమేకులు ఊడి బల్లపై పడియుండెను. అదృష్టవశమున ఆ బల్లయొద్ద ఎవరును లేరు.

3 మీటర్ల ఉక్కురేకు, ఉష్ణము 30 డిగ్రీలు హెచ్చినచో, 1 మిల్లీమీటరుకంటె కొంచెము ఎక్కువ పెరుగును. ఇంతేకదా యని తోచవచ్చును. కాని రెండు కొనలు కదలక బిగిసియుండి, నడుమ పట్టులేనిచో, ఆ ఒక్క మిల్లీమీటరుచేతనే నడిమి భాగము 3 సెంటీమీటర్లకు పైగా వంగును. నడుమ మరమేకులున్నచో ఆ బలమంతయు వానిపై పడును.

ఆ వడ్రంగినే మరల పిలిపించి, మా పొరపాటును ఒప్పుకొంటిమి. అతడు రేకులను విప్పి, నలువైపుల 1 సెంటీమీటరు సందు వదలి, దానిని సన్నని అంచుపట్టీతో మఱుగుపఱచెను. ఆ పట్టీని గోడకే బిగించెను గాని రేకునకు బిగింపలేదు. మరమేకుల రంధ్రములను కొంచెము పెద్దవిగా చేసి, వెడల్పైన వాషర్లు వేసి, నడిమినుండి కొనలవైపునకు బిగించుచు వచ్చెను. కప్పునకును లోకప్పునకును నడుమ చేరు వేడిగాలి పోవుటకై రెండు గోడలలోను వలవేసిన కిటికీలు అమర్చెను. పిమ్మట వచ్చిన వేసవిలో శబ్దము వినబడలేదు.

ఉష్ణముచే లోహము వ్యాకోచించునని గుండును వలయమును చూపి ఏటేట మీకు బోధించువారము మేమే. కాచిన గుండు వలయములో దూరకుండుట చూచి మీరు ఆశ్చర్యపడుచుండగా మేము సంతసించితిమి. ఇంటికి పోయి ఆ పాఠమును మఱచితిమి. వడ్రంగి ఆ పాఠమును పుస్తకమున చదువలేదు, చేతితో నేర్చెను. ఇప్పుడు తరగతిలో గుండును కాచునపుడెల్ల ఈ కథను కూడ చెప్పుచున్నాము.